వేట రైఫిల్‌కు విడిభాగాల సంచి: అడవిలో మరమ్మతుకు సిద్ధపడిన క్రమం

మౌజర్ 98 తరహా బోల్ట్ యాక్షన్ (బోల్ట్ అనే ఉక్కు కడ్డీని చేత్తో వెనక్కీ ముందుకీ నడిపి తూటా ఎక్కించే) వేట రైఫిల్ ఒకటి, రోడ్డుకు చాలా దూరంలో, ఆయుధాల మెకానిక్ దొరకని చోట మొరాయిస్తే, చేతిలో ఉన్న సంచితోనే దాన్ని తిరిగి పనిచేయించడానికి ఏయే భాగాలు కావాలి, వాటిని ఇంటి దగ్గరే ఎలా సిద్ధం చేసుకోవాలి అన్నది ఈ డైరీ విషయం. 1898లో జర్మన్ సైన్యం స్వీకరించిన ఈ యాక్షన్‌నే, అంటే తూటాను ఎక్కించి పేల్చే యంత్రాంగాన్నే, ఎంచుకోవడానికి కారణం, దీని బోల్టును దాదాపుగా పనిముట్లు లేకుండానే విప్పగలగడం. వేరే రైఫిల్ ఉన్నవారు కొలతలు మార్చుకోవాలి గానీ, పనిచేసే క్రమం వారికీ ఇంచుమించు ఇదే.

రైఫిల్ వివరాలు: 7×57 కాలిబర్ (7 మి.మీ. గుండు, 57 మి.మీ. పొడవు తొడుగు), పాత సైనిక రిసీవర్ (బోల్ట్ నడిచే ఉక్కు గూడు), దానిపై తరువాత రంధ్రాలు వేసి బిగించిన స్కోప్ బేసులు (స్కోప్ రింగులు కూర్చునే దిమ్మెలు), స్కోప్‌కు అడ్డురాకుండా మార్చిన రెండు స్థానాల పక్క సేఫ్టీ (పేలకుండా ఆపే మీట), తీసివేయకుండా ఉంచిన ఇనుప సైట్లు.

పని మొదలుపెట్టే ముందు పెట్టుకున్న నియమాలు ఇవి.

1. సంచి మొత్తం తూకం 900 గ్రాములు దాటకూడదు.
2. సంచిలోకి చేరే ప్రతి భాగమూ ఇదే రైఫిల్‌లో అమర్చి, కాల్చి చూసి, విప్పి, తుడిచి పెట్టినదై ఉండాలి.
3. ఆకురాయి పట్టవలసిన పని ఏదీ అడవికి మిగలకూడదు.

రెండో నియమమే మిగతా పనినంతా నడిపించింది. ప్యాకెట్లో వచ్చిన కొత్త భాగం విడిభాగం కాదు, అది విడిభాగంగా మారగల ముడిసరుకు మాత్రమే. ఈ తరహా రైఫిళ్లను పలు దేశాల్లో, పలు కార్ఖానాల్లో, దశాబ్దాల పాటు తయారుచేశారు. అందువల్ల ఒక రైఫిల్ భాగం మరొకదానిలో దూరవచ్చు గానీ, దూరినంత మాత్రాన పనిచేస్తుందన్న హామీ లేదు.

చట్టం గురించి ఒక్క మాట. బ్యారెల్, బోల్ట్, రిసీవర్ వంటి భాగాలను అనేక దేశాలు పూర్తి ఆయుధంతో సమానంగా చూస్తాయి. చిన్న భాగాల విషయంలో నిబంధనలు చోటును బట్టి మారతాయి కనుక, కొనడానికి ముందే లైసెన్సు ఇచ్చిన అధికారులను అడిగి, వెళ్ళబోయే ప్రాంతపు నిబంధనలు కూడా తెలుసుకోవాలి.

కింద వివరించిన ప్రతి పనికీ ముందు మ్యాగజైన్ ఖాళీ చేయడం, చాంబర్‌ను (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటును) కంటితోనూ వేలితోనూ సరిచూడడం, అసలు తూటాలను వేరే గదిలో పెట్టడం జరిగింది. ఆ మాటను ప్రతి దశలోనూ మళ్ళీ రాయలేదు.

మొదటి దశ: ఏది చెడుతుంది, ఏది వదిలేయాలి

ముందుగా కాగితం మీద రాసుకున్న జాబితాలో ఇరవైకి పైగా భాగాలు చేరాయి. అన్నింటినీ మోస్తే అది సంచి కాదు, దుకాణం. కాబట్టి ప్రతి భాగాన్నీ రెండు ప్రశ్నలతో జల్లెడ పట్టాను: ఇది చెడితే వేట ఆగిపోతుందా, చెడినప్పుడు గుడ్డ పరచుకుని కూర్చుని చేతులతో మార్చగలనా? రెండింటికీ అవునన్న జవాబు వచ్చినవే మిగిలాయి.

వాస్తవంగా అడవిలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి యాక్షన్ లోపలి భాగాలు కావు. వదులైన స్క్రూలు, దెబ్బతిన్న స్కోప్, బురదో మంచో చేరిన బ్యారెల్, చాంబర్‌లో ఇరుక్కున్న తూటా ఇత్తడి తొడుగు, పడిపోయినప్పుడు చీలిన కొయ్య స్టాక్ (రైఫిల్ కొయ్య దేహం), ఇవే ముందు వరుసలో ఉంటాయి. ఫైరింగ్ పిన్ (తూటా అడుగును కొట్టి పేల్చే సూది) విరగడం, ఎక్స్‌ట్రాక్టర్ (తొడుగును చాంబర్ నుండి వెనక్కి లాగే కొక్కెం) కొన ఊడడం అరుదు, కానీ జరిగాయంటే రైఫిల్ ఇనుప కడ్డీతో సమానం. అందుకే రెండు రకాలకూ చోటిచ్చాను.

వదిలేసినవాటిలో ముఖ్యమైనది విడి బోల్ట్. బోల్ట్ మారితే హెడ్‌స్పేస్ మారుతుంది, అంటే మూసిన బోల్ట్ ముఖానికీ చాంబర్‌లో తూటా ఆనే చోటుకూ మధ్య దూరం మారుతుంది. ఈ దూరంలో అనుమతించే తేడా ఎంత సన్ననిదో తెలియాలంటే .308 విన్చెస్టర్ అనే మరో తూటాకు వాడే గేజ్‌లను చూస్తే చాలు: బోల్ట్ మూసుకోవలసిన గో గేజ్ 1.630 అంగుళాలు, మూసుకోకూడని నో-గో గేజ్ 1.634 అంగుళాలు, తేడా సుమారు 0.1 మిల్లీమీటరు. గేజ్‌తో సరిచూడని బోల్టును అడవిలో మార్చి కాల్చడమంటే, తొడుగు చిట్లి వేడి వాయువు ముఖం మీదికి వచ్చే ప్రమాదాన్ని కోరి తెచ్చుకోవడం. ట్రిగ్గర్ లోపలి భాగాలను కూడా ఇదే జాగ్రత్తతో వదిలేశాను. వాటిని శుభ్రం చేయడం వరకే అడవి పని.

రెండవ దశ: ఫైరింగ్ పిన్

ఇక్కడే అన్నింటికన్నా ఎక్కువ సమయం పట్టింది. పరీక్షకు రెండు పిన్నులు తీసుకున్నాను, ఒకటి పాత సైనిక మిగులు, ఇంకొకటి కొత్తగా తయారైనది. చూడవలసిన మొదటి కొలత, పిన్ పూర్తిగా ముందుకు పడినప్పుడు బోల్ట్ ముఖం నుండి దాని కొన ఎంత బయటికి వస్తున్నది అన్నది. ఇది సాధారణంగా 0.055 నుండి 0.065 అంగుళాల మధ్య, అంటే సుమారు 1.4 నుండి 1.65 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. తక్కువైతే ప్రైమర్ (తొడుగు అడుగున ఉండి, దెబ్బకు పేలి మందును అంటించే చిన్న గిన్నె) సరిగా పేలదు, ఎక్కువైతే ప్రైమర్‌ను చీల్చి వాయువును వెనక్కి వదులుతుంది.

కాలిపర్ లోతు కడ్డీతో కొలిచిన ఫలితాలు ఇలా ఉన్నాయి.

రైఫిల్‌లో ఉన్న పిన్: 1.52 మి.మీ.
పాత మిగులు పిన్: 1.34 మి.మీ.
కొత్త పిన్: 1.81 మి.మీ.

పాతది అరిగి పొట్టిదైంది, దాన్ని పొడిగించే ఉపాయం లేదు కనుక పక్కన పెట్టాను. కొత్తది పొడవు ఎక్కువ, అది తగ్గించగలిగిన లోపం. తగ్గించిన క్రమం:

1. పిన్నును నెమ్మదిగా తిరిగే డ్రిల్ చక్‌లో పట్టించి, కొనను సన్నని సానరాయి మీద ఆనించాను.
2. నీలం రంగు వచ్చేంత వేడి తగిలితే ఉక్కు గట్టిదనం పోతుంది కాబట్టి, మాటిమాటికీ నూనెలో ముంచాను.
3. ప్రతి సారీ బోల్టులో అమర్చి కొలిచాను. 1.56 మిల్లీమీటర్ల దగ్గర ఆపాను.
4. కొనను అర్ధగోళాకారంగా గుండ్రం చేసి, అతి సన్నని ఉప్పుకాగితంతో నునుపు చేశాను. చదునుగా మిగిలిన కొన అంచు ప్రైమర్‌ను కోస్తుంది.

కొలత సరిపోయినా పిన్ వెంటనే కుదురుకోలేదు. ప్రైమర్ మాత్రమే ఉన్న ఖాళీ తొడుగులతో చేసిన పరీక్షలో కొన్ని పేలలేదు. పేలనివాటి మీద పడిన గుంట లోతు 0.30 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే, రైఫిల్‌లో మొదటి నుండీ ఉన్న పిన్ వేసిన గుంట 0.50 దగ్గర ఉంది. కారణం స్ప్రింగ్ అనుకుని కొత్త స్ప్రింగ్ వేసి చూస్తే ఎక్కడి గొంగళి అక్కడే ఉంది. చివరికి పిన్ మీద నల్లటి మార్కర్ సిరా పూసి కొట్టించి చూసినప్పుడు, మధ్యలో ఉండే రెండు భద్రతా చెవుల్లో ఒకదాని మీద సిరా గీసుకుపోయి కనిపించింది. బోల్ట్ పూర్తిగా మూసుకోకపోతే పిన్ ముందుకు వెళ్ళకుండా ఆపడం ఆ చెవుల పని. గీసుకుపోయిన ఆ చెవి బోల్ట్ లోపలి గాడి గోడను తాకుతూ వేగాన్ని తినేస్తున్నది. గీసుకుపోయిన వైపు మాత్రం, సిరా గీత మాయమయ్యేదాకా సానరాయితో రుద్దాను. చెవిని పొట్టి చేయకూడదు, పలుచన చేయకూడదు; తాకే అంచును నునుపు చేయడమే పని. ఆ తరువాత గుంట 0.48కి చేరింది.

ప్రైమర్ పరీక్ష చేసేవారికి రెండు సూచనలు. ఇది గాలి ఆడే చోట, కళ్ళకూ చెవులకూ రక్షణతో, రైఫిల్‌ను సురక్షితమైన వైపు గురిపెట్టి చేయవలసిన పని. గుండు, మందు లేకుండా ప్రైమర్‌ను పేల్చినప్పుడు తొడుగు భుజం కొద్దిగా వెనక్కి జరగవచ్చు కాబట్టి, ఆ తొడుగులను గుర్తుపెట్టి పారేయాలి గానీ తిరిగి అసలు తూటాలకు వాడకూడదు.

ఇక అసలు నిర్ణయం. పిన్నును ఒంటరిగా మోస్తే అది సుమారు 50 గ్రాములు. కానీ దాన్ని మార్చాలంటే బలమైన స్ప్రింగ్‌ను నొక్కి పట్టుకుని, కాకింగ్ పీస్‌ను (పిన్ వెనుక కొనకు పట్టి, పేల్చేదాకా దాన్ని వెనకే ఉంచే ముక్కను) పావు తిప్పు తిప్పి ఊడదీయాలి; చలిలో, తడి చేతులతో ఆ స్ప్రింగ్ జారితే భాగాలు గడ్డిలో వెతుక్కోవాలి. అందుకని పిన్, స్ప్రింగ్, కాకింగ్ పీస్, ష్రౌడ్ (బోల్ట్ వెనుక మూత), సేఫ్టీ అన్నీ కూర్చిన పూర్తి సెట్టునే మోయాలని తేల్చుకున్నాను. బోల్ట్ వెనుక నుండి పాతది మర తిప్పి తీసి, కొత్తది మర తిప్పి పెట్టడమే అప్పుడు మిగిలే పని.

దీనికి వెల రెండు రకాలుగా చెల్లించవలసి వచ్చింది. మొదటిది బరువు. రెండవది, కొత్త కాకింగ్ పీస్‌కు సేఫ్టీని సరిపరచడం: సేఫ్టీ వేసినప్పుడు అది కాకింగ్ పీస్‌ను ట్రిగ్గర్ పట్టు నుండి వెంట్రుకవాసి వెనక్కి లాగాలి, లాగకపోతే సేఫ్టీ ఉన్నా లేనట్టే. కొత్త సేఫ్టీ మొదట తిరగనే లేదు. దాని వాలు తలాన్ని కొద్దికొద్దిగా సాన పట్టి, తిరగడం మొదలైన చోటే ఆపి, ఈ పరీక్ష చేశాను.

1. ఖాళీ రైఫిల్‌ను కాక్ చేసి (పిన్ వెనక్కి పట్టి ఉండి పేలడానికి సిద్ధమైన స్థితికి తెచ్చి), సేఫ్టీ వేసి, ట్రిగ్గర్‌ను గట్టిగా లాగి వదలాలి.
2. ట్రిగ్గర్ ముట్టుకోకుండా సేఫ్టీ తీయాలి. పిన్ పడకూడదు.
3. బోల్టును వేగంగా, బలంగా మూయాలి. పిన్ పడకూడదు.
4. కాక్ చేసిన స్థితిలో రబ్బరు సుత్తితో స్టాక్‌ను అన్ని వైపులా తట్టాలి. పిన్ పడకూడదు.

ఈ నాలుగింటిలో ఒక్కటి తప్పినా ఆ సెట్టు సంచిలోకి రాదు. ఇందులో రాజీకి చోటు లేదు.

పాత సైనిక సేఫ్టీకి నిలువుగా నిలిచే మధ్యస్థానం ఉంటుంది, దానితో పిన్నును వెనక్కి పట్టి ఉంచి ష్రౌడ్‌ను విప్పవచ్చు. రెండు స్థానాల సేఫ్టీతో ఆ సౌకర్యం పోయింది. దానికి బదులు, రైఫిల్‌ను కాక్ చేసినప్పుడు కాకింగ్ పీస్‌కూ ష్రౌడ్‌కూ మధ్య తెరుచుకునే సందుకు సరిగ్గా సరిపడేలా ఒక ఇత్తడి ముక్కను కోసుకున్నాను. దాన్ని దూర్చితే పిన్ వెనకే ఆగుతుంది. ఉక్కు ముక్క అయితే ష్రౌడ్‌ను గీస్తుంది, ప్లాస్టిక్ నలుగుతుంది.

ఇప్పటివరకు తూకం: కూర్చిన సెట్టు 186 గ్రాములు. మొత్తం 186.

మూడవ దశ: ఎక్స్‌ట్రాక్టర్

మౌజర్ ఎక్స్‌ట్రాక్టర్ బోల్ట్ పక్కన పొడవుగా పడుకునే స్ప్రింగ్ ఉక్కు పట్టీ. మ్యాగజైన్ నుండి తూటా పైకి లేస్తుండగానే దాని అంచు ఈ పట్టీ గోరు కిందికి జారాలి. కొత్త పట్టీని అమర్చి డమ్మీ తూటాలను, అంటే ప్రైమరూ మందూ లేనివాటిని, మ్యాగజైన్ నుండి ఎక్కిస్తే, మూడింట ఒకటి గోరు కింది అంచుకు తగిలి ఆగిపోయింది. బోల్ట్ ముఖం మీద తూటాను చేత్తో జార్చి చూసినప్పుడు బిగుతు ఎంత ఉందో తెలిసింది: బొటనవేలితో గట్టిగా నెట్టితే తప్ప లోపలికి పోవడం లేదు.

గోరు పట్టే తలాన్ని అరగదీయాలన్న ఆలోచన ఇక్కడ సహజంగా వస్తుంది, కానీ అది చేయకూడదు. తొడుగును వెనక్కి లాగేది ఆ తలమే. అది వాలిపోతే గోరు జారుతుంది. తూటా కింది నుండి వచ్చేటప్పుడు మొదట తాకే కింది మూలను మాత్రం ఏటవాలుగా, ఒక మిల్లీమీటరు లోపు, సానరాయితో తీసి నునుపు చేశాను. ఆ తరువాత తూటాలు ఆగలేదు. పట్టు సరిపోయిందా అని చూడడానికి, బయటికి తీసిన బోల్ట్ ముఖం మీద డమ్మీని జార్చి, బోల్టును అడ్డంగా పట్టుకుని మెల్లగా ఊపాలి. తూటా నిలిస్తే సరిపోయినట్టే; వేలాడుతూ ఊగిసలాడితే పట్టీ వంపు తక్కువైనట్టు.

ఇంకొక పరీక్ష చాలామంది మరచిపోతారు. పట్టీ ముందు భాగం లోపలి వైపు ఉండే నాలుక, బోల్ట్ తలలోని గాడిలో పూర్తిగా కూర్చోవాలి. పైకి కూర్చున్నట్టే కనిపించినా, సిరా పూసి చూస్తే ఒక మూల మాత్రమే ఆనుతున్నట్టు తేలింది. గాడిలో ఎండిపోయిన పాత గ్రీజు చెక్కు కట్టి ఉంది. పుల్లతో గీరి తీయగానే నాలుక లోపలికి దిగింది. భాగాన్ని సాన పట్టే ముందు, అది కూర్చునే చోటును శుభ్రం చేయడం ఎప్పుడూ మొదటి పని.

మార్చే పద్ధతి: పట్టీని బోల్ట్ చుట్టూ, నాలుక గాడి నుండి బయటపడే వరకు తిప్పి, ముందుకు నెట్టితే అది కాలర్ నుండి విడిపోతుంది. తిరిగి పెట్టడం దీనికి వ్యతిరేక క్రమం. కాలర్‌కు విడిభాగం తీసుకోలేదు, అది విరిగే అవకాశం చాలా తక్కువ. ఈ రకం పట్టీ ఉన్న రైఫిల్‌లో తూటాను చేత్తో చాంబర్‌లో వేసి బోల్ట్ మూసే అలవాటు ఉంటే మానుకోవాలి, ఎందుకంటే అంచు మీదుగా బలవంతంగా ఎక్కడం వల్లనే గోరు కొన దెబ్బతింటుంది.

ఇప్పటివరకు తూకం: పట్టీ 34 గ్రాములు. మొత్తం 220.

నాలుగవ దశ: ఎజెక్టర్, బోల్ట్ స్టాప్ స్ప్రింగ్

ఎజెక్టర్ వెనక్కి వచ్చిన తొడుగును తన్ని బయటికి పడేసే పలుచని ఉక్కు రేకు, రిసీవర్ ఎడమ పక్క ఉండే బోల్ట్ స్టాప్ (బోల్ట్ ఊడిరాకుండా ఆపే అడ్డు) పెట్టెలో తిరుగుతుంది. కొత్త రేకు పాతదానికన్నా 0.1 మిల్లీమీటరు మందంగా ఉండి, బోల్ట్‌ను లాక్ చేసే ఎడమ చెవిలోని చీలికలో రాసుకుంది. గాజు పలక మీద ఉప్పుకాగితం పరచి, రేకును చదునుగా ఉంచి రుద్దితే సరిపోయింది. రేకు, బోల్ట్ స్టాప్ పట్టీ స్ప్రింగ్, ఇరుసు స్క్రూ కలిపి 22 గ్రాములు.

ఇప్పటివరకు తూకం: మొత్తం 242.

ఐదవ దశ: స్క్రూలు

చూడటానికి అల్పమైనవే అయినా, యాత్రను ముందుగా పాడుచేసేవి ఇవే. స్టాక్‌ను రిసీవర్‌కు పట్టి ఉంచే రెండు గార్డు స్క్రూల మర పావు అంగుళం వ్యాసానికి అంగుళానికి 22 చుట్లు. మామూలు హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే పావు అంగుళం స్క్రూలకు 20 గానీ 28 గానీ చుట్లు ఉంటాయి. అవి రెండు చుట్లు హాయిగా ఎక్కి, ఆ తరువాత బిగుస్తాయి. అక్కడ బలం చూపితే రిసీవర్ మర పాడవుతుంది, అది స్క్రూ మార్చినట్టు మార్చగలిగేది కాదు. స్కోప్ బేసు స్క్రూలది కూడా ప్రత్యేకమైన మరే, 6-48 అనేది, అంటే 0.138 అంగుళాల వ్యాసానికి అంగుళానికి 48 చుట్లు. దుకాణంలో దొరికే 6 నంబరు స్క్రూలకు మామూలుగా 32 చుట్లే ఉంటాయి.

మర కుదిరాక పొడవు చూడాలి. కొత్తగా తెచ్చిన బేసు స్క్రూలన్నీ ఒకే పొడవు. వెనుక బేసులో అవి లోపలికి పొడుచుకువచ్చి బోల్ట్ దారిలో గీత పెట్టాయి; ముందు బేసులో స్క్రూ కొన రంధ్రం అడుగును తాకడం వల్ల, బిగిసినట్టు అనిపించినా బేసు కింద 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) దూరింది. బిగుతు స్క్రూ చివర తగులుతున్నది, బేసు మీద కాదు. ఇలాంటి బేసు కొన్ని తూటాలకే వదులవుతుంది, కారణం మాత్రం స్కోప్ మీదికి నెట్టబడుతుంది. ప్రతి స్క్రూనూ దాని రంధ్రానికి తగిన పొడవుకు కోసి, కొనను గుండ్రం చేసి, బేసు కింద ఫీలర్ దూరకపోవడం, బోల్ట్ అడ్డంకి లేకుండా నడవడం అనే రెండూ చూశాకే అంగీకరించాను.

ఏ స్క్రూ ఏ రంధ్రానిదో అడవిలో గుర్తుండదు. ప్లాస్టిక్ స్ట్రాలను ముక్కలుగా కోసి, ఒక్కో దానిలో ఒక్కో స్క్రూ వేసి, రెండు చివరలూ వేడి చేసి అతికించి, మీద చెరగని సిరాతో “ముందు బేసు, ముందు రంధ్రం” అన్నట్టు రాశాను. బరువు లేనట్టే, తడి చేరదు.

బిగింపు విలువలు, న్యూటన్ మీటర్లలో: స్కోప్ రింగు స్క్రూలు 1.7 నుండి 2.0, బేసు స్క్రూలు 2.2, కొయ్య స్టాక్ మీద గార్డు స్క్రూలు 4.5. స్కోప్, రింగుల తయారీదారు వేరే సంఖ్య ఇచ్చి ఉంటే దాన్నే పాటించాలి. ఈ విలువలకు కొలిచి బిగించే టార్క్ డ్రైవర్ 310 గ్రాములు తూగింది. అంటే సంచిలో మూడో వంతుకు పైగా. దాన్ని ఇంట్లోనే వదిలి, బిగించిన ప్రతి స్క్రూ తల మీదుగా పక్క లోహం మీదికి తెల్ల రంగుతో సన్నని గీత గీశాను. గీత రెండుగా విడిపోయి కనిపిస్తే స్క్రూ కదిలినట్టు, గీత కలిసేదాకా తిప్పితే పాత బిగుతుకు చేరినట్టు. కొత్త స్క్రూ వేసినప్పుడు ఈ గీత ఉపయోగపడదు కనుక, పొట్టి పిడి ఉన్న డ్రైవర్‌తో చేయి ఎంత బిగిస్తే ఎంత విలువ వస్తుందో టార్క్ డ్రైవర్‌తో పోల్చుకుని చేతికి అలవాటు చేశాను.

మర పట్టు జిగురు మధ్యస్థ బలం ఉన్న రకమే వాడాలి, ఎర్ర రకం వేడి చేస్తే తప్ప వదలదు. బేసు స్క్రూలకు దాన్ని ఇంటి దగ్గరే పూశాను, సంచిలో పెట్టలేదు.

ఇప్పటివరకు తూకం: స్క్రూలు 36, డ్రైవర్ పిడి, బిట్లు 142. మొత్తం 420.

ఆరవ దశ: స్కోప్ చెడితే

రెండో స్కోప్ మోయడం గురించి చాలాసేపు తర్కించుకున్నాను. త్వరగా విప్పే రింగులతో కలిపి అది అర కిలో దాటుతుంది కాబట్టి కుదరదు. రైఫిల్ మీద ఉన్న ఇనుప సైట్లే విడి స్కోప్ అని తీర్మానించి, స్కోప్ తీసి వాటిని పరీక్షిస్తే, 50 మీటర్ల దగ్గర గుళ్ళ గుంపు గురికి 12 సెంటీమీటర్లు కింద పడింది. సవరణ లెక్క సులభం: తప్పిన దూరాన్ని రెండు సైట్ల మధ్య దూరంతో గుణించి, లక్ష్యం దూరంతో భాగించాలి. నా రైఫిల్‌లో సైట్ల మధ్య దూరం 450 మిల్లీమీటర్లు. 120ని 450తో గుణించి 50,000తో భాగిస్తే 1.08 మిల్లీమీటర్లు. గుండు పైకి రావాలంటే ముందు సైటు పొట్టి కావాలి కాబట్టి, దాన్ని మొదట 0.8 మాత్రమే అరగదీసి, మళ్ళీ కాల్చి చూసి, మిగతాది పూర్తి చేశాను. అరగదీసిన లోహం తిరిగి రాదు. లెక్క ఎంత కచ్చితమైనా చివరి భాగాన్ని గుండుకే వదలాలి.

వెనుక సైటు స్థానాన్ని బ్యారెల్ మీద సన్నని గీతతో గుర్తించాను. స్కోప్ విప్పడానికి కావలసిన బిట్ సంచిలో ఉందా అని సరిచూస్తే, రింగులది ఒక కొలత, బేసుకు పట్టే నట్టుది మరొక కొలత అని తేలింది. రెండో బిట్‌ను వాడని మరో బిట్‌కు బదులుగా పెట్టడం వల్ల తూకం మారలేదు. మొత్తం 420.

ఏడవ దశ: ఇరుక్కున్న తొడుగు, మూసుకుపోయిన బ్యారెల్

తాడుతో లాగే శుభ్రపు గొలుసు తేలిక, కానీ అది లాగగలదు గానీ నెట్టలేదు. ఎక్స్‌ట్రాక్టర్ గోరు తొడుగు అంచును చింపేసినప్పుడు, లేదా మంచు, బురద బ్యారెల్ మూతిలో చేరినప్పుడు నెట్టే కడ్డీయే కావాలి. అల్యూమినియం కడ్డీ ముక్కలు తేలికే అయినా, ఒక ఇరుక్కున్న తొడుగు మీద ప్రయత్నించినప్పుడు కీలు దగ్గర వంగిపోయాయి. ఇత్తడి కడ్డీకి మారాను. అది 228 గ్రాములు, సంచిలో అన్నింటికన్నా బరువైనది, అయినా వదలలేదు.

తొడుగు తల తెగి, మిగతా గొట్టం చాంబర్‌లోనే మిగిలిపోతే కడ్డీ దానిలోంచి దూరిపోతుంది. దానికి 7×57 కొలతకు చేసిన విరిగిన తొడుగు తీసే పనిముట్టు వేరే ఉండాలి. బోల్ట్‌తో ముందుకు నెట్టితే అది తొడుగు లోపల పట్టుకుంటుంది, బోల్ట్ వెనక్కి లాగితే రెండూ బయటికి వస్తాయి. దీన్ని పరీక్షించడానికి తల కోసిన తొడుగును చాంబర్‌లో పెట్టి తీశాను.

చాంబర్‌లో పేలని తూటా ఉండగా ముందు నుండి కడ్డీ దూర్చకూడదు. అడ్డంకి ఉన్న బ్యారెల్‌ను మరో తూటాతో ఊది తీసే ప్రయత్నం అసలే చేయకూడదు. బ్యారెల్ మూతికి ఒక చుట్టు టేపు అంటించి ఉంచితే ఈ దశ అవసరం చాలావరకు తప్పుతుంది.

ఇప్పటివరకు తూకం: కడ్డీ 228, బ్రష్, జాగ్ (తుడిచే గుడ్డను పట్టే కడ్డీ కొన) 26, తొడుగు తీసేది 18. మొత్తం 692.

ఎనిమిదవ దశ: చీలిన స్టాక్

కొయ్య స్టాక్ సాధారణంగా పిడికిలి పట్టే సన్నని చోట చీలుతుంది. రెండు భాగాల ఎపాక్సీ, మైనం పట్టించిన గట్టి దారం తీసుకున్నాను. ఐదు నిమిషాల ఎపాక్సీ చలిలో ఐదు నిమిషాల్లో గట్టిపడదు. గొట్టాలను ముందుగా ఒంటి వెచ్చదనంలో ఉంచి, చీలికలో నింపి, దారం దగ్గరదగ్గరగా చుట్టి, నిప్పుకు దూరంగా వెచ్చని చోట రాత్రంతా వదలాలి. పాత స్టాక్ ముక్కల మీద చేసిన పరీక్షలో జిగురు ఒక్కటే ఉన్న అతుకు విడిపోయింది, చుట్టుతో కలిపి చేసినది నిలిచింది.

ఇప్పటివరకు తూకం: 68 కలిపి మొత్తం 760.

తొమ్మిదవ దశ: చలి, నూనె

కూర్చిన పిన్ సెట్టును మామూలు తుపాకి గ్రీజుతో బోల్టులో బిగించి, బోల్టును గాలి చొరని సంచిలో పెట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రాత్రంతా ఉంచి, వెంటనే ప్రైమర్ పరీక్ష చేస్తే, గుంట 0.48 నుండి 0.31కి పడిపోయింది, కొన్ని ప్రైమర్లు పేలనే లేదు. పిన్ చెవి రాసుకున్నప్పుడు వచ్చిన అంకెకు ఇది దాదాపు సమానం, కారణం మాత్రం పూర్తిగా వేరు. అడవిలో తేలికపాటి గుంట కనిపిస్తే ముందు శుభ్రం చేయాలి, ఆ తరువాతే భాగం మార్చాలి అన్న క్రమం దీనితో స్థిరపడింది. గ్రీజును కరిగించి పూర్తిగా తుడిచి, గ్రాఫైట్ పొడి మాత్రమే వేసి అదే పరీక్ష చేస్తే గుంట 0.46 దగ్గర నిలిచింది. బోల్ట్ చెవుల మీద పలుచని సింథటిక్ నూనె పూత చాలు, లోపల ఏదీ వద్దు.

చలి నుండి వెచ్చని గుడారంలోకి తెచ్చిన రైఫిల్‌కు చెమట పట్టినట్టు తేమ పడుతుంది, తిరిగి బయటికి తీసుకెళ్తే అది గడ్డకట్టి పిన్నును పట్టేస్తుంది. ఉంచితే బయటే ఉంచడం మేలు. మండే ద్రావకాలను విమానంలో తీసుకెళ్ళనివ్వరు కాబట్టి ఈ గ్రీజు తీసే పని ఇంటి దగ్గరే ముగించాలి.

ఇప్పటివరకు తూకం: నూనె సీసా 22, గ్రాఫైట్ 12. మొత్తం 794.

పదవ దశ: చీకట్లో అభ్యాసం

తల దీపం వెలుగులో, ఊలు చేతి తొడుగులతో అన్ని మార్పులూ చేసి చూశాను. అభ్యాసంలో బయటపడిన లోపాలు, వాటికి చేసిన మార్పులు:

1. పిన్ సెట్టును స్ప్రింగ్ వదిలిన స్థితిలో మోస్తే, బోల్టులో పెట్టే ముందు కాకింగ్ పీస్ పంటిని దుంగ అంచుకు తగిలించి లాగి, ఇత్తడి ముక్క దూర్చాలి. ఊలు చేతి తొడుగులతో అది కుదరలేదు. అందుకని యాత్ర మేరకు మాత్రం ముక్క దూర్చిన స్థితిలోనే, మీద టేపు చుట్టి మోస్తాను. ఒక వారం అలా ఉంచి స్ప్రింగ్ పొడవును మళ్ళీ కొలిస్తే కాలిపర్‌కు అందే తేడా రాలేదు. ఇంటికి చేరాక ముక్క తీసేయాలి.
2. బోల్ట్ స్టాప్ స్ప్రింగ్ చేతి నుండి ఎగిరి చీకట్లోకి పోయింది. ఇప్పుడు ఆ పనిని పెద్ద పారదర్శక ప్లాస్టిక్ సంచి లోపల చేతులు పెట్టి చేస్తున్నాను. ఎగిరినా సంచిలోనే పడుతుంది.
3. నల్లని భాగాలు ముదురు రంగు గుడ్డ మీద కనిపించలేదు. గుడ్డను తెల్లదానికి మార్చాను.
4. ఏ భాగం మార్చినా, అసలు తూటా వేసే ముందు డమ్మీలతో ఎక్కింపు, తొలగింపు చూడాలి. పిన్ సెట్టు మారితే రెండో దశలోని నాలుగు పరీక్షలూ చేయాలి. అందుకు రెండు డమ్మీలు సంచిలో చేరాయి. అసలువాటితో కలిసిపోకుండా వాటి తొడుగుకు అడ్డంగా రంధ్రం వేశాను; రంగు రాలిపోతుంది, రంధ్రం చీకట్లో వేలికి కూడా తెలుస్తుంది.

ఇప్పటివరకు తూకం: డమ్మీలు 42, గుడ్డ, ప్లాస్టిక్ సంచులు 54, అదనపు ఇత్తడి ముక్క 3. మొత్తం 893.

అభ్యాసంలో ఎగిరిపోయిన స్ప్రింగ్ దొరికింది గానీ, దాని కొన కొద్దిగా వంగి ఉంది. చేత్తో సరిచేస్తే పనిచేస్తుంది, అయినా వంగి తిరిగి సాగిన స్ప్రింగ్‌ను నమ్మలేను కనుక దాన్ని పక్కన పెట్టి, కొత్తది తెప్పించాను. అది ప్యాకెట్ తూకంలో 14 గ్రాములు, పాతదానితో సమానమే, కాబట్టి మొత్తం మారదు. దాని మందాన్ని పాతదానితో పోల్చి, రైఫిల్‌లో బిగించి, కనీసం ఇరవై తూటాలు కాల్చి, తొడుగులు ఒకే వైపు, ఒకే దూరంలో పడుతున్నాయా అని చూడవలసి ఉంది. అది ముగిసేదాకా సంచిలో దాని అర ఖాళీగానే ఉంటుంది, మూతకు అంటించిన జాబితాలో దాని పేరు ఎదుట గుర్తు పెట్టలేదు.